చీటీ రాసేదాకా ఆగినవాళ్ళు: మలివయసు సృజన గురించి

ఉద్యోగ విరమణకు దగ్గరపడిన వారికి అమెరికాలో ఉచితంగా దొరికేవాటిలో సలహా ఒకటి. వీణ నేర్చుకోండి, బొమ్మలు వెయ్యండి, జ్ఞాపకాలు రాయండి. మెదడు చురుగ్గా ఉంటుంది, రక్తపోటు అదుపులో ఉంటుంది, బతుకుకు ఒక అర్థం ఏర్పడుతుంది. ఈ సలహా ఇచ్చేవారి దృష్టిలో సృజన ఒక మాత్ర. ఎవరు వేసుకున్నా, తలుపు మూసుకుని ఒంటరిగా వేసుకున్నా అది పనిచేయాలి. అయితే ఈ సలహాకు ఆధారంగా చూపించే వైద్య పరిశోధనలనూ, తెలుగు రచయితల మలివయసు చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదివితే కనిపించే చిత్రం వేరు. జబ్బు, వలస, ఉద్యోగ విరమణ ఈ మూడూ నడుస్తున్న జీవితాన్ని మధ్యలో విరిచే సంఘటనలు. వాటి తర్వాత కూడా సృజన నిలిచిన చోట ఏమున్నది, ఎండిపోయిన చోట ఏది కరువైంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న వేసుకోవడానికి మిషిగన్ రాష్ట్రంలోని నోవై తగిన చోటు. డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న ఈ ఊరి పేరు వెనక ఒక కథ చెబుతారు: పాత బండిబాట మీద ఇది ఆరో మజిలీ అనీ, పలక మీద రోమన్ అంకెతో ‘నంబర్ ఆరు’ అని రాసినదాన్ని జనం కలిపి చదివితే నోవై అయిందనీ. చరిత్ర తెలిసినవారు ఈ కథను పెద్దగా నమ్మరు, చెప్పేవారు చెప్పడం మానరు. 1969లో నగర హోదా పొందిన ఈ ఊరిలో 2020 జనగణన నాటికి 66,243 మంది ఉన్నారు. కార్ల కంపెనీలూ, వాటికి విడిభాగాలు చేసిచ్చే సంస్థలూ చుట్టూ ఉండడంతో మొదట జపాను కుటుంబాలు, తర్వాత భారతీయులు పెద్ద సంఖ్యలో ఇక్కడ స్థిరపడ్డారు. ఊళ్ళో వేంకటేశ్వరుడి గుడి ఉంది. తానా 24వ మహాసభలు 2025 జులై 3 నుంచి 5 వరకు ఇక్కడి ప్రదర్శనశాలలోనే జరిగాయి. 1970లలో ఇంజనీర్లుగా, వైద్యులుగా డెట్రాయిట్ చుట్టుపక్కలకు వచ్చిన తెలుగువారి తొలి తరం ఇప్పుడు డెబ్భైలలోనూ ఎనభైలలోనూ ఉంది. పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉంటారు, మంచు ఏప్రిల్ దాకా వదలదు. పగళ్ళు చాలా పెద్దవి.

నోవై నుంచి అరగంట దూరంలో ఆన్ ఆర్బర్ ఉంది. యాభై దాటిన అమెరికన్ల ఆరోగ్యాన్నీ విశ్రాంత జీవితాన్నీ ఏళ్ళ తరబడి వెంబడించే బృహత్తర అధ్యయనం ఒకటి 1992 నుంచి అక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయంలో నడుస్తోంది. ఆ సమాచారం ఆధారంగా 2019లో వెలువడిన ఒక పరిశోధనా పత్రం 6,985 మందిని పరిశీలించింది. జీవితంలో లక్ష్యం ఉన్నదన్న భావన అతి తక్కువగా ఉన్నవారిలో, అది అత్యధికంగా ఉన్నవారితో పోలిస్తే, ఆ కొద్ది సంవత్సరాల్లో మరణించే ప్రమాదం రెండు రెట్లకు పైగా కనిపించింది. వార్తాపత్రికలకు ఇంతకన్నా ఏం కావాలి? లక్ష్యం ఉంటే ఆయుష్షు పెరుగుతుందని రాసేశాయి. నిజానికి పత్రం చెప్పింది సంబంధం గురించి. కారణం గురించి అది అంత ధైర్యంగా మాట్లాడలేదు. లోపల జబ్బు ముదురుతున్న మనిషికి ముందుగా పోయేది రేపటి మీద ఆశే. ఆ తేడాను లెక్కల్లో సరిచేయడానికి పరిశోధకులు ప్రయత్నించారు గాని, అది పూర్తిగా సరిచేయగలిగే తేడా కాదు.

ఇక్కడ గమనించవలసింది కొలబద్ద. ఆ అధ్యయనం వాడిన ప్రశ్నలు కేరల్ రిఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో ప్రకటించిన కొలమానం నుంచి వచ్చాయి. రేపటి గురించి ప్రణాళికలు వేసుకుంటారా, చేయవలసినవన్నీ చేసేశామని అనిపిస్తుందా, గమ్యం లేకుండా తిరుగుతున్నట్టు ఉంటుందా అన్న తీరులో అవి సాగుతాయి. అన్నీ మనిషిని విడిగా కూర్చోబెట్టి అతని లోపలికి తొంగిచూసే ప్రశ్నలే. మీరు చేసే పని కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా అన్న ప్రశ్న వాటిలో ఉండదు. తెలుగు సాహిత్య చరిత్రలో మాత్రం ఆ ప్రశ్నే ముందుకొస్తుంది.

దేవులపల్లి కృష్ణశాస్త్రి ఉదాహరణ అందరికీ తెలిసినదే. తెలిసినందువల్లనే దాన్ని ఎవరూ నిదానంగా చూడలేదు. 1897లో పుట్టిన కృష్ణశాస్త్రికి అరవై అయిదు దాటిన కాలంలో, 1963లో, గొంతు జబ్బు వల్ల మాట పోయింది. అంతకు ముందు ఆయన పేరు ఎంత పద్యానిదో అంత గొంతుదీ. సభల్లో ఉపన్యాసం, మిత్రుల మధ్య సంభాషణ, 1957 నుంచి ఆకాశవాణి పని. అన్నిటికీ గొంతే ఆధారం. ఆ తర్వాత 1980 ఫిబ్రవరి 24న చనిపోయేదాకా, దాదాపు పదిహేడేళ్ళు, ఆయన కాగితం మీద రాసి చూపించి సంభాషించాడు.

వైద్యపరంగా ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మాట పోవడం వేరు, భాష పోవడం వేరు. పక్షవాతం మెదడులో ఎడమ భాగాన్ని దెబ్బతీసినప్పుడు చాలామందికి భాషే చెదిరిపోతుంది. గొంతు బాగానే ఉన్నా పదం అందదు, కొందరికి చదివినా అర్థం కాదు. స్వరపేటిక దెబ్బతిన్న మనిషికి భాష అంతా భద్రంగా ఉంటుంది, దారి మూసుకుపోతుంది అంతే. అతను కోల్పోయేవి చిన్నవిగా కనిపిస్తాయి: ఎదుటివాడి మాటకు అడ్డుపడడం, చమత్కారాన్ని సరైన క్షణంలో విసరడం, రాసే పాదాన్ని పైకి అనుకుని చూసుకోవడం. మాటల్లో బతికినవాడికి ఇవి చిన్నవి కావు. వేళ దాటిన చమత్కారం చమత్కారమే కాదు. చీటీ మీద సంభాషించే మనిషితో మాట్లాడాలంటే, అతను రాసేదాకా ఎదుటివాడు ఆగాలి. కృష్ణశాస్త్రి చివరి పదిహేడేళ్ళ రచనకు అలా ఆగినవాళ్ళు ఉన్నారు.

వాళ్ళలో ఎక్కువమంది సినిమావాళ్ళు. ఉండమ్మా బొట్టు పెడతా (1968), సుఖదుఃఖాలు, ఏకవీర (1969), అమెరికా అమ్మాయి (1976), సీతామాలక్ష్మి (1978), గోరింటాకు (1979); ఈ చిత్రాలన్నిటిలో ఆయన పాటలున్నాయి, అన్నీ గొంతు పోయిన తర్వాతివే. అమెరికా అమ్మాయిలో పరాయి దేశం నుంచి వచ్చిన నాయిక తాను తెలుగు పాట పాడతానంటూ ఎత్తుకునే పాట ఒకటి ఉంది. దాన్ని రాసిన మనిషి నోట మాట లేక అప్పటికి పదమూడేళ్ళు. పాట వినేవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గాని, తెలియకపోయినా పాటకు లోటు లేదు. అందులో జాలికి తావే లేదు.

కృష్ణశాస్త్రిని అంచనా కట్టే విమర్శలో సినిమా పాటలను దిగుడుమెట్టుగా చూసే అలవాటు ఒకటి ఉంది. కృష్ణపక్షం కవి ఎక్కడ, స్టూడియోలో సన్నివేశం చెబితే రాసిచ్చే కవి ఎక్కడ అన్న ధోరణి అది. ఈ అంచనా కృష్ణపక్షంలోని ‘నేను’ను మాత్రమే కవిత్వంగా గుర్తిస్తుంది. వలపోతకూ స్వేచ్ఛకూ తానే కర్తగా నిలిచిన ఆ యువకుడి గొంతు 1925లో తెలుగుకు కొత్త, నిజమే. చివరి దశ పాటల్లో ఆ నేను తప్పుకుంటుంది. పల్లెటూరి ఇల్లాలు, పెళ్ళికూతురు, గుడి ముందు చేతులు జోడించిన మనిషి, వీళ్ళ నోళ్ళకు ఆయన మాట ఇచ్చాడు. తన నోరు మూతపడిన కవి ఇతరుల నోళ్ళకు రాశాడనడం వినడానికి అందంగా ఉంటుంది, కాని పూర్తి నిజం కాదు. 1951లోనే మల్లీశ్వరికి ఆయన పాటలు రాశాడు. గొంతు నిక్షేపంగా ఉన్న రోజుల్లోనే ఇతరుల నోళ్ళకు రాయడం అలవాటు చేసుకున్నాడు. జబ్బు కొత్త దారిని తెరవలేదు. తెరిచి ఉన్న దారుల్లో ఒకటి మిగిలింది. వృద్ధాప్యాన్ని అధ్యయనం చేసిన రాబర్ట్ యాచ్లీ 1989లో ప్రతిపాదించిన కొనసాగింపు సిద్ధాంతం కూడా ఇదే చెబుతుంది: మార్పులు వచ్చినప్పుడు మనుషులు తమకు ముందే ఉన్న అలవాట్లనూ సంబంధాలనూ కొత్త పరిస్థితికి మలుచుకుంటారు. అరవై దాటాక అకస్మాత్తుగా వీణ ముందు కూర్చోమనే సలహాకు ఈ సంగతి పట్టదు.

కృష్ణశాస్త్రికి 1976లో పద్మభూషణ్, 1978లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాయి. వాటి వల్ల రాయలేదు. పాట కావాలని అడిగి, చీటీ కోసం కూర్చున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి రాశాడు. ఆ అడగడంలో దయాదాక్షిణ్యం లేదన్నది ముఖ్యం. సినిమాకు పాట కావాలి, సన్నివేశానికి అతకాలి, అతకకపోతే మార్చాలి. వయసును చూసి మార్కులు వేసే పరిశ్రమ కాదది.

సృజన మాత్రలాంటిదన్న వాదానికి తరచుగా సాక్ష్యంగా నిలబెట్టే అధ్యయనం జీన్ కోహెన్ అనే మానసిక వైద్యుడిది. 2001లో వాషింగ్టన్‌లో మొదలై 2006లో ప్రకటితమైన ఆ అధ్యయనంలో ఎనభై ఏళ్ళ దరిదాపు వయసువాళ్ళు బృందగానంలో చేరారు. పాల్గొనని వారితో పోలిస్తే వాళ్ళు పడిపోవడం, వైద్యుడి దగ్గరకు వెళ్ళడం, మందులు వాడడం తగ్గాయని కోహెన్ చూపించాడు. ఈ ఫలితాన్ని ఉటంకించేవారు ఆ బృందగానం ఎలా నడిచిందో చెప్పరు. వృత్తి కళాకారుడైన సంచాలకుడు వారం వారం సాధన చేయించాడు, పొరపాటు పాడితే సరిదిద్దాడు, పైగా జనం ముందు కచేరీలు ఏర్పాటు చేశారు. అంటే ఆ ముసలివాళ్ళ పాట కోసం ఒక తేదీ ఎదురుచూసింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో పన్నెండు వృద్ధుల కేంద్రాల్లో 390 మందితో మరింత కట్టుదిట్టంగా జరిపి 2018లో ప్రకటించిన పరీక్షలో ఒంటరితనం తగ్గింది, జీవితం మీద ఆసక్తి పెరిగింది. జ్ఞాపకశక్తిలో, నడకలో, వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాట మోకాళ్ళను బాగుచేయదు. మనుషుల మధ్యకు తీసుకువస్తుంది. వైద్యులు ఆ మేరకు చెప్పి ఊరుకుంటే మంచిది.

కాలక్షేపం అన్న తెలుగు మాటకు ఈ మధ్య చులకన అర్థం మిగిలింది. పొద్దుపోక చేసే పని అని. హరికథా కాలక్షేపం, పురాణ కాలక్షేపం అన్నప్పుడు మాత్రం ఆ మాటలో ఎదురుగా కూర్చున్న జనం కూడా ఉంటారు. శ్రోత లేని హరికథ ఎవరూ ఊహించలేరు. ఒంటరిగా చేసే అభిరుచికి కాలక్షేపమని పేరు పెట్టి ఆ మాటను మనమే కుదించుకున్నాం.

వలస సంగతికి వస్తే, నిడదవోలు మాలతి ఉదాహరణ ఉంది. 1937లో పుట్టి, తిరుపతిలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి, అప్పటికే కథారచయిత్రిగా పేరు తెచ్చుకుని, 1973లో అమెరికా వచ్చిన ఆమె విస్కాన్సిన్ రాష్ట్రంలోని మేడిసన్‌లో చాలాకాలం ఉన్నారు. రిఫ్ తన కొలమానాన్ని ప్రకటించిన విశ్వవిద్యాలయమూ ఆ ఊళ్ళోనే ఉండడం కాకతాళీయం. అరవై దాటిన తర్వాత, 2001లో, మాలతి తూలిక అనే వెబ్ పత్రిక ప్రారంభించి తెలుగు కథలను ఇంగ్లీషులోకి అనువదించి పెట్టసాగారు. తెలుగు రచయిత్రుల గురించి ఇంగ్లీషులో వ్యాసాలు, పుస్తకం రాశారు. ఆ తర్వాత తెలుగు తూలిక వచ్చింది. అందులో కథలు, వ్యాసాలు, ఊసుపోక అన్న పేరుతో వరసగా రాసిన హాస్య రచనలు.

ఈ వరసను గమనించాలి. సొంత కథకు ముందు ఇతరుల కథలు వచ్చాయి. అనువాదం చేయడమంటే తెలుగు రాని ఒక పాఠకుడిని ఎదురుగా కూర్చోబెట్టుకోవడం. అతను అడగబోయే ప్రశ్నలకు ముందే సమాధానం వెతకాలి: అత్తయ్య అంటే ఎవరు, ఆడపడుచు కట్నం ఎందుకు, ఈ మనిషి ఆ మనిషిని మీరు అనడం మాని నువ్వు అన్నప్పుడు ఏం జరిగింది. పరాయి దేశంలో ఏళ్ళు గడిపినవారికి ఈ ప్రశ్నలు బయటినుంచి రావు, వాళ్ళ లోపలే ఉంటాయి. అందువల్లనే మాలతి తర్వాతి తెలుగు వచనంలో, ముఖ్యంగా ఊసుపోకలో, తెలుగు సంసారాన్ని తెలిసినవాళ్ళకే మళ్ళీ వివరించి చెబుతున్నట్టుండే వెక్కిరింత ఒకటి వినిపిస్తుంది. తొలి కథల్లోని చురుకుదనం అందులో తక్కువే. ఆ లోటును తీర్చే నింపాదితనం మాత్రం ఉంది. కాలిఫోర్నియాలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు తెలుగులో విజ్ఞాన రచనలు, నిఘంటువు చేసింది కూడా ఇలా అడిగే పాఠకుడిని ఎదురుగా ఊహించుకునే. నిఘంటువును మించి ఎదురుచూపును నమ్ముకున్న ప్రక్రియ ఇంకోటి లేదు.

ఇప్పుడు మూడో మలుపు, ఉద్యోగ విరమణ. ఇక్కడ తెలుగు డయాస్పొరాలో బాగా పెరిగిన ప్రక్రియ ఆత్మకథ. మహాసభల్లో ఆవిష్కరణ జరిగి, సంచుల్లో చేతులు మారి, ఇళ్ళలో అలమరాలకు చేరే పుస్తకాలు. వాటి మీద విమర్శ దాదాపు లేదు. పెద్దవాళ్ళు రాసుకున్నదాన్ని ఏమనాలన్న మొహమాటం. ఆ మొహమాటం రచయితలకు చేసిన అన్యాయం చిన్నది కాదు. ఇలాంటి పుస్తకాలు చాలావాటిది ఒకే నడక. ఊరు, చెరువు, బడి, అమ్మ చేతివంట, వారాలు చేసుకుని చదవడం, పరీక్షలో వచ్చిన ర్యాంకు. ఇవన్నీ వివరంగా, చాలాసార్లు అందంగా వస్తాయి. విమానం ఎక్కాక కథ పరుగందుకుంటుంది. నలభై ఏళ్ళ అమెరికా జీవితం ఉద్యోగాల జాబితాగా, కొన్న ఇళ్ళుగా, పిల్లల డిగ్రీలుగా కొద్ది పేజీల్లో ముగుస్తుంది. మనిషి ఎక్కువకాలం బతికిన చోటు అతని పుస్తకంలో ఖాళీగా ఉంటుంది.

బాల్యం దగ్గర ఆగడమే దోషం అనలేం. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి జీవిత చరమాంకంలో రాసిన అనుభవాలూ జ్ఞాపకాలూనూ కూడా ఎక్కువగా తొలి జీవితం చుట్టూనే తిరుగుతుంది. అయితే ఆ పుస్తకానికి వెన్నెముక ఒక తగాదా. వేదం, సంస్కృతం చదివే ఇంట్లో పుట్టిన కుర్రవాడు తెలుగులో రాస్తానంటే ఇల్లు ఒప్పుకోదు. ఆ తగాదాలో తానే గెలిచినట్టు తేలిగ్గా తేల్చేయడు శ్రీపాద. ఇంటివాళ్ళ వాదానికి ఉన్న బలాన్ని కూడా పూర్తిగా వినిపిస్తాడు. అరవై ఏళ్ళ వయసులో ఆ పాత పోట్లాట ఆయనకు ఇంకా వేడిగా ఉంది. ప్రవాస ఆత్మకథల్లో ఊరి భాగం అంత అందంగా ఉండడానికి ఒక కారణం, అక్కడ పోట్లాట ఎప్పుడో చల్లారడం. అమెరికా భాగంలో చల్లారలేదు కాబట్టే దాన్ని దాటేస్తారు.

వృద్ధులు గతాన్ని తవ్వుకోవడం చాదస్తం కాదనీ, తేలని లెక్కలను తేల్చుకునే మానసిక వ్యాపారమనీ రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు వాదించాడు. ఆ వ్యాసం వచ్చింది 1963లో, కృష్ణశాస్త్రి గొంతు మూగవోయిన ఏడే. జీవిత సమీక్ష అని ఆయన దానికి పేరు పెట్టాడు. ఆ సమీక్ష అందరికీ శాంతినే ఇస్తుందని బట్లర్ అనలేదు. కొందరిని అది పశ్చాత్తాపంలోకి, నిరాశలోకి దింపుతుందని కూడా హెచ్చరించాడు. జ్ఞాపకాలు రాయమని చెప్పే సలహాదారులు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. రచయితలు ఆ సంగతి పసిగట్టి నొప్పి ఉన్న చోటికి వెళ్ళకుండా తిరిగి వచ్చేస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పాఠకుడు లేకుండా రాసుకున్నా మేలు జరుగుతుందని జేమ్స్ పెన్నబేకర్ 1986లో చూపించాడు కదా అని. నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున తమను బాధించిన అనుభవం గురించి రాసిన విద్యార్థులు ఆ వెంటనే మరింత దిగులుపడ్డారు, తర్వాతి నెలల్లో మాత్రం వైద్యశాలకు తక్కువసార్లు వెళ్ళారు. ఆ తర్వాత జరిగిన 146 అధ్యయనాలను కలిపి 2006లో లెక్కవేస్తే మేలు ఉందనీ, అది చిన్నదేననీ తేలింది. ఆ మేలును కాదనడానికి లేదు. చింపి పారేసే కాగితం కూడా ఒక పని చేస్తుంది. అయితే అది గాయానికి కట్టు, రచన వేరు. కట్టు అచ్చువేసి పంచిపెట్టరు. ప్రవాస ఆత్మకథ చిక్కు ఇక్కడే ఉంది: అచ్చువేసి పంచుతారు గనుక కట్టు విప్పరు, అడిగే పాఠకుడు లేడు గనుక రచనా కాదు.

అడిగే పాఠకులను తయారుచేసిన ప్రయత్నాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. 1998లో మొదలైన డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ నెలనెలా ఒక పుస్తకాన్ని ముందే చదువుకుని వచ్చి చర్చించే పద్ధతి పెట్టుకుంది. సన్మానాలు, శాలువలు ప్రధానం కాని సభ అది. ఆ ఏడాది దీపావళికే ఈమాట వెబ్ పత్రిక కూడా మొదలై, వచ్చిన రచనను సమీక్షకులకు పంపి, మార్పులు కోరి, అవసరమైతే తిప్పి పంపే సంప్రదాయాన్ని అమెరికా తెలుగులో నిలబెట్టింది. తిప్పి పంపడాన్ని అవమానంగా తీసుకున్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కాని ఉద్యోగం మానేసిన మనిషికి ఇది ఇంకా సరిగా రాలేదు, మళ్ళీ చూడండి అనేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఇంట్లో అందరూ బాగుంది నాన్నగారూ అంటారు. ఆ మాట ప్రేమ. అందులో వినికిడి లేదు.

ఒక కష్టం మాత్రం ఏ క్లబ్బూ తీర్చలేనిది. ఈ పుస్తకాలు ఎవరికోసమని అడిగితే చాలామంది రచయితలు మనవల కోసమని చెబుతారు. మనవలకు తెలుగు లిపి రాదు. చదవలేని పాఠకుడి పేర రాసిన పుస్తకం ఎవరి ప్రశ్నకూ జవాబు చెప్పనక్కరలేదు. అందుకే ఊరి చెరువు దగ్గర హాయిగా ఆగిపోగలుగుతుంది. మాలతి చేసినట్టు తెలుగు రాని పాఠకుడిని నిజంగా ఎదురుగా కూర్చోబెట్టుకుంటే సంగతి వేరు. ఇల్లినాయ్‌లోనో టెక్సస్‌లోనో పెరిగిన మనవరాలు చెరువు గురించి మర్యాదకు వింటుంది. తర్వాత ఆమె అడిగేవి వేరుగా ఉంటాయి. 1980ల మొదట్లో కార్ల కంపెనీల్లో మనుషులను తీసేస్తున్నప్పుడు మీరు భయపడ్డారా? అమ్మమ్మ ఇక్కడ ఎవరితో మాట్లాడేది? నల్లవాళ్ళ ఊరిని ఆనుకుని ఉంటూ ఆ ఊళ్ళోకి ఎందుకు వెళ్ళేవారు కాదు? 2009లో ఏప్రిల్ ఆఖరున క్రైస్లర్, జూన్ ఒకటిన జనరల్ మోటార్స్ దివాలా దరఖాస్తు పెట్టిన ఆ అయిదు వారాలు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? ముప్పై ఏళ్ళు ఆ కంపెనీల్లో పనిచేసిన తెలుగు ఇంజనీర్లు నోవైలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళలో రాయగలిగినవాళ్ళు ఉన్నారు, రాయడానికి తీరిక కూడా ఉంది.